తోడు

ఇంకా వేడి ఆరని పెంటికలు, ఆరు.
నుంగ్షితోంబి వాటిని చెక్కపుల్లతో ఎత్తి
గొట్టంలో వేసి మూత బిగిస్తుంది.
మీద రాస్తుంది: కంచెలోది, ఆడది, మూడేళ్ళు.
పేరు రాయదు. దానికో పేరుందని ఆమెకు తెలుసు.

ఇంఫాల్ జంతుశాలలో పొద్దు అలా మొదలవుతుంది.
తొట్టిలో తవుడు, నానిన శనగలు, ఉప్పుగడ్డ,
తూచి వేసిన పచ్చగడ్డి.
ఏ లోటూ లేదు.
ఒళ్ళు నిగనిగలాడుతున్న సంగాయి జింకను
పిల్లలు ఫోటో తీసుకుని పోతారు.

మర్నాడు లోక్తాక్ సరస్సు.
పడవ నడిపే యాయిమా తెడ్డు ఎత్తి
"ఇక్కణ్ణుంచి అడుగు చూసి వెయ్యి" అంటాడు.
అది నేల కాదు.
చచ్చిన వేళ్ళూ బతికిన వేళ్ళూ బురదా కుళ్ళూ
ఒకదాన్నొకటి పట్టుకుని తేలుతున్న ఫుమ్‌ది.
కాలు మోపితే దిగుతుంది,
తీస్తే ఊపిరి పీల్చినట్టు లేస్తుంది.
ఇక్కడి సంగాయి దీనిమీదే పుట్టి, దీన్నే మేసి,
తిన్నది దీనికే తిరిగి ఇచ్చేస్తుంది.
పారిపోతూ కూడా ఒక్కసారి ఆగి వెనక్కి చూస్తుందట,
అందుకే ఆ పేరంటాడు యాయిమా.
నాలుగు గంటలు మోకాళ్ళ మీద వెతికితే
దొరికినవి రెండు పెంటికలు.
ఒకదాన్ని అప్పటికే పేడపురుగు దొర్లించుకుపోతోంది.
క్షమించమని అడిగి తీసుకుంది.

యంత్రం రాత్రంతా గొణిగి
తెల్లారేసరికి రంగుల పట్టీలు పరిచింది.
అడవిదాని పట్టీ సంతరోజులా ఉంది:
రెల్లును చీల్చేవాళ్ళు, నారను నానబెట్టేవాళ్ళు,
ఆకు చేదును విరిచేవాళ్ళు,
ఏం చేస్తారో ఎవరికీ తెలియక
అంకెలతో పిలవాల్సినవాళ్ళు.
కంచెలోదాని పట్టీలో
శనగలరిగించే నలుగురు
కాళ్ళు బారజాపుకుని కూర్చున్నారు.

ఎవరూ తరమలేదు మిగతావాళ్ళని.
పని లేక పోయారు.

ఆమె అబోక్, అదే నాయనమ్మ, న్గారి పెట్టేది.
ఎండిన చిన్నచేపల్ని కుండలో కూరి
మూతి మూసి నెలలకొద్దీ మరిచిపోయేది.
కొత్త కుండ కొందామంటే ఒప్పుకోదు.
"కుండకి జ్ఞాపకముంటుంది, సబ్బు తగలనివ్వకు."
చదువుకొచ్చిన కొత్తలో ఆ మాటకి నవ్వింది నుంగ్షితోంబి.

ఇప్పుడు కంచెలో కూన పుట్టింది,
వీపంతా చుక్కలు.
తల్లి నాకుతోంది, నాలుకతో తనకున్నదంతా రాస్తోంది.
లేనిది ఎక్కణ్ణుంచి ఇస్తుంది?

పెద్దయ్యాక వదలాలని కాగితాల్లో ఉంది.
తలుపు తీస్తే అడవి వచ్చేస్తుందని
కాగితాలకి నమ్మకం.
కడుపు నిండా మేసి ఆకలితో చచ్చిన జింకను
యాయిమా ఒకసారి చూశాడు.
కోస్తే లోపల గడ్డి
నమిలింది నమిలినట్టే ఉందట.
ఆ కథ అతను రెండోసారి చెప్పడు.

అందుకే ఈ పూట
సరస్సు నుంచి తెచ్చిన ఆ రెండింటినీ
గోరువెచ్చని నీళ్ళలో కలిపి, పలచని గుడ్డలో వడగట్టి,
పాలసీసాలో పోస్తోంది.
రోజూ రాత్రి పెరుగు తోడేసుకునే మనకి
ఇది విప్పి చెప్పక్కర్లేదు.
ఆ చెంచాడు పెరుగునీ
చీకట్లో పక్కన నడిచే మనిషినీ
ఒకే మాటతో పిలుస్తాం.

కూన తుమ్మింది. సగం ఉమ్మేసింది.
మిగతా సగం, చెప్పలేం.
అల్లరి పెట్టి, ఆమె చీలమండ నాకి,
గడ్డిలో ముడుచుకుని పడుకుంది.

తోడేసిన గిన్నెను కదపకూడదు.
వేలు ముంచి చూడకూడదు.
ఆమె గొళ్ళెం పెట్టి, దీపం తీసి,
సైకిలు దాకా నడిచి,

ఆగి,
వెనక్కి చూసింది.